ఆరు నెలల బెలూన్

చోడవరం,
12-12-1999.

చిరంజీవి తమ్ముడు సత్యారావుకు అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు కులాసా అని రాయలేదు కాబట్టి ఆ మాట అడగను.

నీ ఉత్తరం అంది వారమైంది. బావ మోకాలి నొప్పి తగ్గింది. గోవాడ ఫ్యాక్టరీకి మన చెరకు సగం తోలాం. నువ్వడిగిన పనసచెట్టు బతికే ఉంది.

అసలు సంగతికి చెయ్యి రావడం లేదు. నాలుగు రోజులుగా జపంలో లెక్క తప్పుతోంది. దీపం పెట్టి, పెట్టానో లేదోనని మళ్ళీ వెళ్ళి చూస్తున్నాను.

ఒళ్ళు తగ్గడానికి బెలూన్ అయితే నోట్లోంచి కడుపులోకి దించుతారు, కోత లేదు, ఆరు నెలలకి తీసేస్తారు, ఆఫీసులో ఎవరికీ తెలియదు అని రాశావు. ఆపరేషన్ అయితే కడుపు కోసి చిన్నది చేస్తారు, ఇక ఎప్పటికీ అంతే. నువ్వేదంటే అదే అక్కా అన్నావు. పాలు పోసే నరసమ్మకి చెబితే, "ఆ బుడగని కూడా అరిగించీసుకుంటాడమ్మా బాబు" అంది. నవ్వాను. నవ్వాక భయమేసింది.

నీకొక మాట చెప్పలేదు. వేసవిలో మీరొచ్చినప్పుడు సంధ్యారాణి నాకు డాక్టరు రాసిన కాగితం చూపించింది. నిద్రలో నీకు ఊపిరి ఆగుతోందని ఉంది అందులో. "మీ తమ్ముడు మీ మాటే వింటారొదినా, మీరైనా పెట్టకండి" అని ఏడ్చింది. దేవుడి దీపం ముందు సరేనన్నాను. మర్నాడు తను అనకాపల్లి వెళ్ళగానే పాకం గారెలు వండాను. నువ్వు పధ్నాలుగు తిన్నావు. తెలిసే పెట్టాను.

అమ్మ పోయిననాటికి నీకు ఆరేళ్ళు. కంచం నాకి, "ఇంకేటైనా ఉందా అక్కా" అనేవాడివి. లేదనేదాన్ని. మనకి నాలుగు గింజలు కలిగిన తరవాత నీకు లేదని చెప్పడం నాకు చేతకాలేదు.

అందుకే ఆపరేషన్ చేయించుకో. బెలూన్ తీసిన మర్నాడు నువ్వు ఊరుకున్నా నేను ఊరుకోను. కోతంటే నాకూ భయమే. అది ఏ రోజో రాయి, పొద్దుటి నుంచీ దేవుడి గదిలోనే ఉంటాను. ఈ ఉత్తరం సంధ్యారాణికి చదివి వినిపించు.

కోలుకున్నాక రా. ఒక్క గారె వేస్తాను. చెయ్యి ఊరుకోక రెండోది వెయ్యబోతే, "సాలక్కా" అను. నలభై ఏళ్ళుగా ఆ మాట నీ నోట వినలేదు.

ఇట్లు,
నీ పెద్దక్క
రాజ్యం