ఆరు పళ్ల తాతగారి ప్రయాణం

సముద్రపు ఒడ్డు బస యజమాని గారికి,

నమస్కారం. నేను పళ్ల డాక్టర్ని. రెండేళ్లుగా జనం నోళ్లలోకి తప్ప ఇంకెక్కడికీ తొంగి చూసే తీరిక దొరకలేదు. వచ్చే నెల పద్నాలుగు నుంచి ఆరు రోజులు సెలవు సంపాదించాను. మీ ఇసుక తీరం, దాని వెనకున్న మడ అడవి చూడాలని ఉంది. వచ్చేది ముగ్గురం: నేను, మావారు, మా ఇంటి తాతగారు.

మావారు మ్యాపులు గీసే ఆఫీసులో పనిచేస్తారు. రోజుకు నాలుగు చోట్ల చొప్పున పట్టిక వేశారు. చింపేశాను. తాతగారితో ప్రయాణమంటే నత్తనడకే! పొద్దున ఒకటి చూస్తే ఆ రోజుకు చాలు. మధ్యాహ్నం రెండు గంటలు ఆయన పడుకోవాలి. ఆ నిద్ర చెడిందా, ఊరంతా వినేలా ఏడుస్తారు. నడక ఈమధ్యే వచ్చింది, పది అడుగులకోసారి కూలబడతారు. నోట్లో ఉన్నవి ఆరు పళ్లే కాబట్టి మెత్తగా మెదిపిన అన్నం, అరటిపండు చాలు. కొంగల్ని, తాబేళ్లను ఆయనకు దగ్గర నుంచి చూపించగలరా?

ఇట్లు,
పళ్ల డాక్టరు

తా.క. మంచం ఎత్తు తక్కువుండాలి. పరుపు మీద ప్లాస్టిక్ గుడ్డ పరిపించండి. ఎందుకో మీరే ఊహించుకోగలరు.


డాక్టరమ్మ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివితే కళ్లు చెమర్చాయి. ఇలాంటివాళ్లను ఇంట్లో వదిలేసి షికార్లు కొట్టేవాళ్లే ఎక్కువ ఈ రోజుల్లో. నేను ముప్పై ఏళ్లు పడవ నడిపి, ఇప్పుడు ఈ ఆరు గదుల బస నడుపుతున్నాను. మీ ప్రయాణం నాకు వదిలేయండి.

మొదటి రోజు ఇసుక. రెండో రోజు కూడా ఇసుకే. మూడో రోజు పడవలో మడ అడవి: కొంగలు ఖాయం, మొసలి దాని ఇష్టం. నాలుగో రోజు విశ్రాంతి. ఐదో రోజు పొద్దున్నే తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్తుంటే చూడొచ్చు. అవి కూడా మీ తాతగారిలాగే నిదానస్తులు.

మా అమ్మకు ఎనభై రెండు. ఏడు నెలల కిందట వాకిట్లో జారిపడింది. ఎముక అతుక్కుంది గానీ మంచం దిగనంటోంది. ఎంత బతిమాలినా గోడవైపు తిరిగి పడుకుంటుంది. మీ ఉత్తరం చదివి వినిపిస్తే రెండోసారి కూడా చదివించుకుని, "వరండా మెట్లకు అడ్డంగా చెక్క కొట్టించరా" అంది. కొట్టించాను.

మీ రాక కోసం చూస్తూ,
బస యజమాని

తా.క. చక్రాల కుర్చీ సిద్ధం చేశాను. తాతగారికి పేపరు చదివే అలవాటుందా?


యజమాని గారికి,

మీ ఏర్పాట్లు చూస్తే ప్రాణం లేచొచ్చింది. చక్రాల కుర్చీ అంటే తోపుడు బండే కదా, మాది మోసుకురావడం తప్పింది. పేపరు చదవరు, నములుతారు.

ముందే కొన్ని సంగతులు చెప్పడం మర్యాద. ఆయన ఇసుక తింటారు. ఎవరి చెప్పులు దొరికినా నీళ్లలో పడేస్తారు. స్నానానికి బట్టలు విప్పామంటే అలాగే వీధిలోకి పరుగు. కొత్త ఆడవాళ్లు కనిపిస్తే చాలు, చేతులు చాచి ఎత్తుకోమంటారు.

ఇట్లు,
డాక్టరు

తా.క. పోయిన వారం నా చూపుడువేలు కొరికారు. గుర్తులు చూసుకుంటే నొప్పి కంటే గర్వమే ఎక్కువైంది. ఎంత చక్కటి వరసో!


డాక్టరమ్మ గారికి,

మూడు రోజులు ఆలోచించి రాస్తున్నాను. ఒకసారి మాటిచ్చాక వెనక్కు తగ్గేవాణ్ని కాను. అయితే వంటామె, "ఎత్తుకోమంటాడా? ఆ ఆరు రోజులూ నాకు సెలవు" అని తేల్చేసింది. అందుకని ఇద్దరు బలమైన పడవవాళ్లను మాట్లాడాను. అవసరమైతే ఒకరు చేతులు పట్టుకుంటారు, ఒకరు కాళ్లు.

అమ్మ మాత్రం ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ పొలమారింది. ఎదుటి మనిషి అవస్థ చూసి నవ్వే గుణం ఆమెకు ఎప్పుడూ లేదు. పైగా నిన్న మంచం దిగి, గోడ పట్టుకుని వరండా దాకా నడిచింది. ఎందుకమ్మా అంటే "పనుందిరా" అంటుంది. ఏం పనో చెప్పదు.

భవదీయుడు,
బస యజమాని

తా.క. తప్పుగా అనుకోకండి. తాతగారు ఉద్యోగం చేసే రోజుల్లో పై అధికారుల్ని కూడా కొరికేవారా?


అయ్యా,

మా తాతగారి వయసు ఏడాదిన్నర! ముఖం అచ్చం మా మామగారి నాన్నగారిదేనని పుట్టిన రోజు నుంచీ ఇంటిల్లిపాదీ తాతగారు అనే పిలుస్తాం. అలవాటుగా రాసేశాను, తప్పు నాదే. ఆ పడవవాళ్లను దయచేసి ఇంటికి పంపించండి. ఇంత చిన్నపిల్లల్ని పడవ ఎక్కించరంటే ఇప్పుడే చెప్పండి. ఏడుపు నేను మొదలుపెట్టి, తర్వాత వాడికి అప్పగిస్తాను.

ఇట్లు,
సిగ్గుతో, డాక్టరు


అమ్మా,

పిల్లవాడు పడవ ఎక్కుతాడు. వాడికి సరిపోయే లైఫ్ జాకెట్టు తెప్పించాను. లోతు లేని పాయలోనే తిప్పుతాను, తెడ్డు నేనే పడతాను.

మీ ఉత్తరం పట్టుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తాను. "అమ్మా, ఆయన తాత కాదు, చంటివాడు!"

"ఇప్పటికి తెల్లారిందా నీకు?" అంది. "ఐదుగురిని పెంచినదాన్ని. మొదటి ఉత్తరంలోనే తెలిసిపోయింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రెండు ముక్కల్లో జవాబు రాసి ఊరుకునేవాడివి. నాకు ఇన్ని ఉత్తరాలు వినే యోగం ఉండేదా?"

నాకు కోపం రావాలి. రాలేదు. మంచం ఎందుకు దిగావని మళ్లీ అడిగాను.

"ఇంకో ముసలాయన వస్తున్నాడంటే పక్కన ఇంకో మంచం వేయించేదాన్ని. పసివాడు వస్తుంటే పడుకుంటే ఎలా కుదురుతుందిరా? వాడు పరుగెడితే పట్టుకోవద్దూ!"

ఏడు నెలలుగా డాక్టర్లు చెప్పారు, నేను చెప్పాను. ఎవరి మాటా వినలేదు. ఈ పొద్దున ఒక్కతే ఇసుకలో నీళ్ల అంచు దాకా వెళ్లింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. నేను వెనకాలే, కాస్త దూరంగా నడిచాను. ఆమె చూడకుండా కళ్లు తుడుచుకోవడానికి ఆ దూరం బాగా పనికొచ్చింది.

మీ రాక కోసం,
బస యజమాని

తా.క. మీ బస్సు పద్నాలుగో తారీఖున. అమ్మ పన్నెండు నుంచే బస్ స్టాండులో నిలబడతానంటోంది. దయచేసి బస్సు తప్పిపోనివ్వకండి, ఆమెను సముదాయించడం నా వల్ల కాదు.