కమిటీ ఒక్క మాట మీద

బెజవాడ, జూలై 1975, శనివారం

పొద్దున ట్యుటోరియల్‌లో పిల్లలకు ఇంగ్లీషు సమూహ నామాలు చెప్పాను. కమిటీ అంతా ఒక్క మాట మీదుంటే క్రియ ఏకవచనం, సభ్యులు తలో మాటగా ఉంటే బహువచనం.

సాయంత్రం మా రచయితల సంఘం కమిటీ ఎమర్జెన్సీని సమర్థిస్తూ తీర్మానం చేసింది. సిగ్గులేని తీర్మానం! వద్దని చెయ్యెత్తింది నేనొక్కణ్ణే. అయినా కార్యదర్శి సుబ్బారావు ‘ఏకగ్రీవం’ అని రాసేశాడు.

“నేను కాదన్నానా లేదా?” అని అరిచాను.

“మీరెప్పుడు అవునన్నారు గనకండీ, మాస్టారూ!” అన్నాడు.

అందరూ నవ్వారు. టీకి రమ్మన్నారు కూడా. వెళ్లలేదు.

ఇంటికొచ్చి ఖండన రాశాను. ఏ పత్రికా వేయదు. రేపు సంఘానికే ఇస్తాను, నన్ను వెళ్లగొడతారు. వెళ్లగొట్టనీ. కానీ ఇన్నేళ్లూ ఏది రాసినా ముందు వినిపించింది వాళ్లకే. ఇది ఎవరికి వినిపించను?