లీనర్ట్ గారి కారవాన్ ఎందుకు కొనలేదంటే

పోర్ట్ పిరీ,
9 మార్చి 2011, బుధవారం

గౌరవనీయులైన ఏవిస్ వదిన గారికి,

మీరు, మీ కోళ్లు, మీ తుంటి నొప్పి, ముగ్గురూ కుదురుగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఎండ తగ్గలేదు. మేమిద్దరం క్షేమమే.

మీ ఉత్తరం ఈ ఉదయం అందింది. రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. "మావాడు ఏడేళ్లు కలగన్నదాన్ని ఏడు నిమిషాల్లో బొటనవేలితో నొక్కి చంపేశావు కదమ్మా!" అని రాశారు. ఆదివారం మీ తమ్ముడు ఫోన్‌లో ఏం చెప్పి ఉంటారో ఊహించగలను. నా వైపు నుంచి కూడా జరిగింది వరుసగా రాస్తాను. ఆయనా చదువుతారు. నేను ఉత్తరం రాస్తే, కవరు అంటించేముందు ఆయన చదివి కింద ఒక ముక్క చేర్చడం మా ఇంటి పద్ధతని మీకు తెలుసు.

వచ్చే నెల ముప్పైన క్లెమ్ స్మెల్టర్‌లో సీసం కరిగించే పని మానేస్తున్నారు. మే నెలలో బయలుదేరి, చెట్లు లేని ఆ పెద్ద మైదానం దాటి, సముద్రపు కొండ అంచున తిమింగలాలు చూసి, పడమటి తీరం పొడవునా వెళ్లాలని ఆయన కోరిక. అందుకు దాచిన సొమ్ము తొమ్మిది వేల ఎనిమిది వందల డాలర్లు. ఆ సొమ్ముకు దొరికే చక్రాల ఇళ్లు, ఈ కారవాన్లు, ఎలా ఉంటాయో ఈ ఏడాదిలో పదకొండు చూసి తెలుసుకున్నాం. ఒకదాని నేల మీద కాలు పెడితే గడ్డి తగిలింది. ఇంకోదాని అల్మరాలో ఎలుకలు మాకంటే ముందే కాపురం పెట్టాయి. అందుకని శనివారం జేమ్స్‌టౌన్‌లో లీనర్ట్ గారి పదహారడుగుల కారవాన్ షెడ్డు నీడలో తెల్లగా కనబడగానే క్లెమ్ కారు ఇంకా పూర్తిగా ఆగకముందే తలుపు తీశారు.

లీనర్ట్ గారికి డెబ్భై ఎనిమిదేళ్లు. భార్య పోయాక దాన్ని కదపలేదట. ముందే తెగేసి చెప్పారు. "రెండింటికి అడిలైడ్ నుంచి ఓ జంట వస్తున్నారు. నేను మాటివ్వను, మాట పుచ్చుకోను. ముందు ఎవరి డబ్బు నా చేతిలో పడితే బండి వాళ్లది." అప్పటికి పన్నెండు దాటింది.

నేను నా జాబితా తీశాను. మొత్తం ముప్పై ఒక్క అంశాలు. ఇంట్లో మేం ఎక్కి బరువు చూసుకునే తూకం మిషను కూడా కారు వెనక నుంచి దించాను, ముందు కొక్కెం మీద పడే బరువు చూడాలి కదా. లీనర్ట్ గారు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమ్మా, నా బండి చేత ఉపవాసం చేయిస్తావా?" అన్నారు. క్లెమ్ పడీపడీ నవ్వి, "పెళ్లికి ముందు నన్నూ ఇలాగే తూచిందండీ" అన్నారు. తూకం నూట ఎనిమిది కిలోలు చూపింది. మా కారుకు సరిపోయే బరువే. బ్రేకులు, టైర్లు, గ్యాసు గొట్టం, అన్నీ సరిగానే ఉన్నాయి. ఇరవై ఆరు అంశాలకు టిక్కు పెట్టాను. క్లెమ్ లోపలి మంచం మీద పడుకుని కళ్లు మూసుకుని, "కొరలీ, నాకు అలల చప్పుడు వినిపిస్తోందే" అన్నారు.

ఒంటిగంటన్నరకు కారుకు తగిలించి, రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాం. వెనక్కి నడిపి షెడ్డు గేటులో పెట్టాలి. మాకో నియమం ఉంది. కారవాన్ పార్కుల్లో సాయంత్రాలు మొగుడూ పెళ్లాలు "ఎడమకి! ఎడమకి అంటుంటే!" అని అరుచుకోవడం, చుట్టుపక్కలవాళ్లు కుర్చీలు వేసుకుని, బీరు పట్టుకుని చూడటం, ఇవన్నీ మేం చూశాం. మనం మాత్రం అలా కాకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఆయన నడపాలి, నేను వెనక నిలబడి దారి చూపాలి; నోరు మెదపకూడదు, చేతి సైగలే. రెండు చేతులూ పైకెత్తితే ఆగాలి. ఏడేళ్లుగా పక్కింటివాళ్లు పడవను లాక్కెళ్లే బండితో సాధన చేశాం. శనివారం మాత్రం నా సైగ ఆలస్యమైంది. కారవాన్ ఎడమ మూల గేటు స్తంభానికి తగిలి ఎర్రదీపం పగిలింది. తప్పు నాది. ఆయన దిగి, "చేతులెత్తమంటే నిద్రపోయావా?" అన్నారు. దీపానికి నలభై డాలర్లు ఇచ్చాం.

మిగిలిన అంశాలు చూడటానికి నేను మళ్లీ లోపలికి వెళ్లాను. వెనక కిటికీ కింద గోడను నొక్కితే, టీలో నానిన బిస్కెట్టులా లోపలికి పోయింది. వాన నీరు చేరి లోపలి చెక్కంతా కుళ్లింది. అది బాగుచేయించాలంటే కొనే ధరలో సగం అవుతుంది. క్లెమ్‌ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పాను. "నేనూ చూస్తాను పద" అన్నారు. రెండింటికి అయిదు నిమిషాలుంది. ఆ అడిలైడ్ జంట కారు దుమ్ము రేపుతూ మలుపు తిరుగుతోంది. చూడొద్దు, ఆ బండే వద్దన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, వెళ్లి కారులో కూర్చున్నారు. తిరిగివచ్చేటప్పుడు కారు నేనే నడిపాను.

ఇదీ జరిగింది. వేరేది చూస్తాం వదినా, తొందరేం లేదు.

మీ మరదలు,
కొరలీ

అక్కా, దీని జాబితాకు తలా తోకా ఉంటాయి గాని గుండె ఉండదు. ఆ గోడ నా వేలికి గట్టిగానే ఉండేదేమో! నొక్కనిస్తేగా! — క్లెమ్

తా.క. ఈ కాగితం వేరుగా, ఆయన చూడకుండా, పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి రాసి కవరులో పెడుతున్నాను. చదివి చించేయండి.

గోడ తడిగా లేదు వదినా. ముప్పై ఒక్క అంశాలకూ టిక్కు పడింది. అంత మంచి బండి మాకు మళ్లీ దొరకదు.

నా సైగ ఆలస్యం కాలేదు. నేను స్తంభానికి, కారవాన్‌కు నడుమ, ఎడమ అద్దంలో నిండుగా కనబడేచోట నిలబడ్డాను. రెండు చేతులూ ఎత్తాను. ఆయన సరిగ్గా ఆ అద్దంలోకే చూస్తూ నా మీదికి వచ్చారు. ఒట్టు పెట్టుకున్నాం కదా, చివరి అడుగు దాకా నోరు పెగల్లేదు. అరిచేసరికి ఆలస్యమైంది. పక్కకు దూకాను. నా భుజం ఇంకా నల్లగా కమిలి ఉంది. ఆయన ఆ దెబ్బనూ చూడలేదు.

ఆ తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు రోజుల్లో ఇంట్లో ఎడమ పక్క తలుపు అంచుకు రెండుసార్లు గుద్దుకున్నారు. పై ఉత్తరం చదువుతుంటే ఎడమ పక్క పెట్టిన టీ కప్పు మోచేతికి తగిలి ఒలికింది. మొదటి పేజీ మూల మరక అదే. "కళ్లు చూపించుకోండి" అన్నాను. "కప్పు అక్కడ పెట్టింది నువ్వు" అన్నారు. ఈ చూపుతో ఆయన పదిహేను వందల కిలోల బండి లాక్కుంటూ లారీల రోడ్డెక్కాలా? ఆ మాట ఆయనతో అనలేక గోడ మీదికి నెట్టాను.

సోమవారం లీనర్ట్ గారికి ఫోన్ చేసి, బండికి లేని వంక పెట్టానని క్షమాపణ అడిగాను. "నేనూ గేటు దగ్గరే ఉన్నానమ్మా, అంతా చూశాను. నువ్వు గోడ అనడం చెవిన పడినా అందుకే నోరు మూసుకున్నా" అన్నారు.

కంటి డాక్టరు దగ్గర నర్సును కూడా అడిగాను. ఒక జబ్బు ఉందట. నొప్పి ఉండదు, మొదట పక్కల చూపును తినేస్తుంది. పోయింది రాదు గాని మిగిలింది నిలబెట్టవచ్చు. తండ్రికి ఉంటే పిల్లలకూ రావచ్చు. మామగారు చనిపోయిన ఏడాది, ఆయన ఒకే నెలలో రెండుసార్లు కారుతో గేటు గుద్దితే తాగాడని ఊరంతా అన్నారు. మీరూ, క్లెమ్ కూడా అన్నారు. ఆయన ఆ ఏడాది చుక్క ముట్టలేదని అత్తగారు చెబుతూ చెబుతూనే కన్నుమూశారు. ఆమెను ఎవరమూ నమ్మలేదు.

17న, గురువారం పదకొండు గంటలకు అడిలైడ్‌లో కంటి డాక్టరు దగ్గర రెండు పేర్లు రాయించాను. ఒకటి మీది, ఒకటి ఆయనది. మీ కళ్లకు భయంగా ఉందని, తోడు రమ్మని తమ్ముణ్ణి పిలవండి. నేను పిలిస్తే రారు. మీరు పిలిస్తే చెప్పులు వేసుకుని నిలబడతారు. అప్పటిదాకా ఆయన్ని పనికి నేనే కారులో దింపుతాను, "నాకు చెయ్యి అలవాటు తప్పుతోంది" అని వంక పెట్టి.

ఒక్కటే మనవి. మీ కోపం ఇప్పుడే చల్లారనివ్వకండి. శనివారం ఫోన్ చేసి, ఆయనకు వినబడేంత గట్టిగా నన్ను ఇంకో నాలుగు మాటలనండి. లేకపోతే ఆయనకు అనుమానం వస్తుంది.