నాన్న ఏరని గింజలు

ఆదివారం, అక్టోబర్ 12

చిరంజీవి చెల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా, ఆవిడ మోకాలి నొప్పీ క్షేమం. మరిదిగారి దగ్గు తగ్గిందని తలుస్తాను.

నాన్న ఏటా పెరట్లో వేసే నీలిపువ్వు సంగతి అడిగావు. నాన్న పోయాక మిగిలిన ఒకే ఒక్క గింజల పొట్లాన్ని చెరిసగం పంచుకున్నాం కదా. నా వాటాలో సగానికి సగం గడ్డి గింజలూ పిల్లిపెసర గింజలే. విత్తన పరీక్ష కేంద్రంలో పరాయి గింజ ఒక్కటి కనబడితే బస్తా మొత్తం వెనక్కి పంపిన మనిషి, ఇంటి పొట్లం ఇలా దాచాడేమిటని నవ్వుకున్నాను. ఆయన కూర్చున్న బల్ల దగ్గరే ఇప్పుడు నేనూ పనిచేస్తున్నానేమో, చేయి ఊరుకోలేదు. పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి, నీలిపువ్వు గింజల్ని మంచి మట్టి పోసిన కుండీల్లో వేశాను. ఏరిన చెత్త పెరటి గోడవార పారబోశాను.

కుండీల్లోవి చూస్తుండగానే ఏపుగా లేచాయి. నీకు గొప్పలు పోతూ రాసింది అప్పుడే. మొగ్గ తొడిగే వేళకు ఒకటి వాలింది, దాని పక్కది వాలింది, చివరికి అన్నీ పోయాయి. పెరికి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. ఆ రోజు అన్నం సహించలేదు. నాన్న రెండోసారి పోయినట్టనిపించింది.

ఇక విచిత్రం విను. నిన్న గోడవార గడ్డిలో నీలంగా ఏదో కనబడింది. నా కళ్లుగప్పి చెత్తతోపాటు పోయిన గింజలు! జానెడు కూడా లేవు, ఆకులు సన్నం, చూస్తే జాలేస్తుంది. కానీ పూశాయి. ఒకదాన్ని మట్టితో సహా ఎత్తి చూశాను. గడ్డి వేళ్లు పైపైన అల్లుకున్నాయి, పిల్లిపెసర వేరు లోతుకు దిగింది, మధ్యలో దీని వేళ్లు తెల్లగా ఉన్నాయి. తన జాతిది పక్కనే లేక తెగులు పాకలేదా? ఎక్కువైన తడిని గడ్డి వేళ్లు పీల్చేశాయా? చోటు పంచుకుని పొట్టిగా మిగిలితేనేం, బతికాయి. కారణం తేలేదాకా నాకు తోచేలా లేదు.

గోడవారవి గింజ కడతాయో లేదో తెలియదు. నా గొప్పలు చదివి నువ్వూ నీ వాటా ఏరతానన్నావు. ఏరకు. ఇక మనకు గట్టిగా ఉన్నది అదే.

ప్రేమతో,
అక్క

తా.క.: కవరు అతికించే ముందు ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. మీ నాన్న ఏరలేదని మీకెవరు చెప్పారే అంది. ఏటా కూర్చుని గింజ వదలకుండా ఏరేవాడట. ఆ తర్వాత గడ్డీ పిల్లిపెసరా పిడికెడు కొలిచి, తనే మళ్లీ కలిపేవాడట. ఎందుకని అడిగితే, తోడు లేకుండా పంపితే బతకవే అనేవాడట.