ఒత్తులు లేని వరుస

ఇంటిల్లిపాదికీ ప్రభువు కాపుదల తోడు. నేను కులాసా. సువార్త కూటాలు ఇంకో వారం పొడిగించారు. పిల్లల చదువులూ ఇల్లూ నీ ఒక్కదాని మీదే పడ్డాయి.

ఇక్కడ నా బస ఒక వడ్రంగి ఇంట్లో. నిన్న సాయంత్రం మన ఇంటి అలవాటు కొద్దీ, అందరం ఒక్క దీపం కింద చేరితే చాలని మిగతా లైట్లన్నీ ఆర్పేశాను. ఆ పెద్దమనిషి స్నానం చేస్తున్నాడు. "అయ్యగారూ, వెలుపటి చీకటి గురించి పొద్దున ప్రసంగంలో చెప్పింది చాలదా? కళ్లనిండా సబ్బు పెట్టుకున్నవాడికి చూపించాలి కూడానా?" అని లోపలినుంచి ఒకటే కేక. అందరూ నవ్వారు. నాకు మాత్రం మన దీపం కింద పెద్దాడి ఎక్కాలూ, నువ్వు కూరలు తరగడమూ మెదిలి ప్రాణం మీ వైపు లాగింది.

పెద్దాడి చొక్కా కాలరు తిప్పి కుట్టావా?

చిన్నదానికి అక్షరాలు వచ్చాయని రాశావు. మాటలు కూడబలుక్కోవడం నేనొచ్చి నేర్పుతాను, అందాకా ఆపమని పోయిన ఉత్తరంలో అన్నాను. ఆపకు. విత్తినవాడు దూరాన ఉన్నాడని మొలక ఆగుతుందా? కింది వరుస ఒత్తులు లేకుండా రాశాను; దాని చేతే చదివించు. తడబడితే అందించకు. ఎక్కడ ఆగిందో నాకు రాయి.

పాపా, నీకు నా దీవెనలు. నిదానంగా చదువు, నేను వింటూ ఉంటాను.