పాపకు జ్వరం

మంగళవారం, రాత్రి

నువ్వుల పచ్చడి రీలు పెట్టాం. మధ్యలో ఇంటి వెనక బాగ్‌బేరా రైలు యార్డులో గూడ్సుబండి కూసిందని అమ్మ మళ్లీ తీయించింది. ఫాలోయర్లు పెరుగుతూనే ఉన్నారు. కామెంట్లలో మాత్రం ఎప్పటిలా ఎర్ర గుండెబొమ్మలే, ఒక్క మాట లేదు.

అమ్మకు కళ్లు ఆనవు. రోజూ నేనే చదివి వినిపించాలి. గుండెబొమ్మల్ని ఏమని చదవను? అందుకే మాటలు కల్పిస్తున్నాను. మొన్న విజయనగరం నుంచి ఒకావిడ రాసిందని చెప్పాను, తన పాపకు జ్వరమట, మన రీలు చూసి చారు పెడితే తాగిందట. ఆవిడా లేదు, పాపా లేదు.

ఇవాళ అమ్మ రీలు సంగతే అడగలేదు. "ఏటే, ఆ ఇజీనారం పాపకి జొరం తగ్గిందేటి? బార్లీ నీళ్లు పట్టమని రాయి," అంది.

"లిఖ్ దియా, మా," రాసేశానని ఇక్కడి హిందీలోనే అన్నాను.

కాసేపటికి దేవుడి దగ్గర దీపం వెలిగించి, "పాప పేరేటే?" అని కేకేసింది. నోటికొచ్చింది చెప్పాను, హారిక అని. ఆ పేరు చెప్పుకుని దండం పెట్టింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

రేపు హారికకు జ్వరం తగ్గించాలి.