వంద కోడిపిల్లలను నెల రోజులు ఆపి ఇప్పించే విషయమై

గౌలిపుర,
6 ఫిబ్రవరి 2026.

కోడిపిల్లల పంపిణీ కేంద్రం పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, నీటి సరఫరా శాఖ విశ్రాంత లైన్‌మన్ దుర్గయ్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య కృష్ణమ్మ పేరిట ఈ నెల 14వ తేదీకి మంజూరైన ఒక్కరోజు వయసు గల వంద నాటుకోడి పిల్లలను మార్చి 14కు వాయిదా వేయుట, ఆమె స్వయంగా వచ్చి అడిగినను అంతకుముందు ఇవ్వకుండుట గురించి.

పై విషయమై తమకు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

1. నేను ఇరవై తొమ్మిదేళ్లు వాల్వు తిప్పి రిటైరైన మనిషిని. అయిదుంపావుకు నీళ్లు వదలాలంటే అయిదుంపావుకే వదిలాను. మా కుళాయిల చప్పుడు విని గడియారం సరిచేసుకున్నవాళ్లు గౌలిపురలో ఇప్పటికీ ఉన్నారు. ఇది గొప్పకు రాయడం లేదు. అటువంటివాడు నెల రోజుల తేడాతో తేదీ వేశాడని తమరు కాసేపట్లో చదవబోతున్నారు కనుక ముందే మనవి చేసుకుంటున్నాను. ఇది రాయలేక ఇప్పటికి మూడు కాగితాలు చింపాను.

2. ఒక్కరోజు పిల్లలను ఎప్పుడు తెచ్చుకోవాలన్నది మా ఇంట్లో ఏటా పెద్ద లెక్క. జనవరిలో తెస్తే చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. ఏప్రిల్‌లో తెస్తే రేకుల కింద వడదెబ్బకు చస్తాయి. కనుక చలి విరిగాక, ఎండ ముదరక ముందు తెచ్చి, ఎండాకాలం వచ్చేసరికి వాటికి ఈకలు నిండేలా చూసుకోవాలి. ఇది ఒక వైపు లెక్క. రెండో వైపు బోనాలు ఉన్నాయి. కృష్ణమ్మ పాలవాళ్లింటి ఆడపడుచు. బర్రెలు పోయాక అదే కొట్టంలో కోళ్లను పెంచుతోంది. ఆషాఢంలో మా గల్లీలో పదకొండు ఇళ్లవాళ్లు అమ్మవారికి ఇచ్చే పుంజును ఆమె చేతి మీదుగానే తీసుకుంటారు, బజారు పుంజును ఒప్పుకోరు. పుంజు నిండుగా ఎదగడానికి అయిదు నెలలు పడుతుంది. అందుచేత బోనాల నుంచి వెనక్కి అయిదు నెలలు లెక్కపెట్టి తమ కేంద్రంలో తేదీ అడుగుతాము.

3. ఈసారి ఆ లెక్క నేనే కట్టాను. నిరుడు బోనాలు జూలైలో వచ్చాయి కదా అని జూలై నుంచి వెనక్కి వచ్చి ఫిబ్రవరి 14 వేశాను. ఈ ఏడాది జ్యేష్ఠం రెండుసార్లు వస్తుందని, ఆ అధికమాసం వల్ల మా బోనాలు ఆగస్టుకు వెళ్లాయని చూసుకోలేదు. మొన్న ఆదివారం పక్కింటి అంగన్‌వాడీ టీచరు ఆండాలు గారు మాటల్లో చెబితే గోడకున్న క్యాలెండరు దింపి చూశాను. నిజమే. ఆ రోజు నుంచి కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది. చాయ్ కూడా నిలబడే తాగుతున్నాను. తప్పు జరిగిందని కృష్ణమ్మకు చెప్పడానికి నోరు రాలేదు.

4. అంతవరకే అయితే తమను విసిగించేవాణ్ణి కాదు. ఉన్న మాట చెబుతున్నాను. నా బాధ కోళ్ల గురించి కాదు, కృష్ణమ్మ కన్ను గురించి. ఆమెకు ఎడమ కన్ను ఎనిమిదో ఏట బర్రె కొమ్ము తగిలి పోయింది. ఉన్న కుడి కంటికి శుక్లం వచ్చింది. ఆపరేషన్‌కు ఈ నెల 17 ఇచ్చారు. ఇదివరకే రెండు తేదీలు దాటించింది. ఒకసారి చుట్టాల పెళ్లి అంది, ఇంకోసారి జలుబు అంది. డాక్టరమ్మ ఈసారి నా వైపు తిరిగి, “ఇంక ఆలస్యం చేస్తే పొర గట్టిపడ్తది. అప్పుడు నన్ను అడగొద్దు బాపూ,” అని చెప్పేసింది.

పిల్లలు 14న ఇంటికి వస్తే 17న ఆమె దవాఖానాకు కదలదు. మొదటి మూడు వారాలు వాటి పక్కనే ఉండాలి. బల్బు కిందికి గుంపు కడితే చలేస్తోందని దించాలి, దూరం జరిగి నోళ్లు తెరిస్తే ఉడికిపోతున్నాయని ఎత్తాలి. ఆపరేషన్ అయినవాళ్లేమో ఇరవై రోజులు వంగకూడదు, ఊక దుమ్ములోకి పోకూడదు. ఈ రెండూ ఒక ఇంట్లో కుదరవు. నేను చూసుకుంటానంటే వినదు.

“ముందుగాల పిల్లలు. కన్నుదేముంది, ఏడికి వోతది?” అంటుంది.

“పోతదనే గదనే డాక్టరమ్మ చెప్పేది,” అన్నాను.

“నీకు వాల్వు దెల్సు గని పిల్లల సంగతి ఏం దెల్సు?” అని లోపలికి వెళ్లిపోయింది. వెళ్తూ గడపకు కాలు తగిలించుకుంది.

5. నిరుడు జరిగింది కూడా తమకు తెలియాలి. ఇది ఎవరికీ చెప్పలేదు. పిల్లలు వచ్చిన ఆరో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టి కరెంటు పోయింది. నేను పురానాపూల్ దాకా వెళ్లి వచ్చేసరికి కొట్టంలో కిచకిచ లేదు. కృష్ణమ్మ అట్టల కంచె పక్కన పీట వేసుకుని కూర్చుని నాకు చేత్తో సైగ చేసింది. “సప్పుడు జెయ్యకు. మస్తుగ పండుకున్నయ్.” బల్బు వెలగడం లేదు. రేకు సందులోంచి వచ్చే వెలుతురును ఆమె బల్బు అనుకుంది. పిల్లలు చలికి ఒక పక్కకు కుప్పగా పడి ఉన్నాయి. ముప్పై నాలుగు చచ్చిపోయాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే చేత్తో తడిమి, “కరెంటోళ్ల పని,” అంది. నేనూ కరెంటువాళ్లనే తిట్టాను. అయ్యా, ఆ రోజు నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆ భయం ఇంకా పోలేదు.

6. తమ కేంద్రంలో గుమాస్తా ప్రకాశం గారిని ఈ వారంలో నాలుగుసార్లు కలిశాను. “కారణం కాగితం మీద ఉండాలె పెద్దమనిషీ. గుడ్లు మిషన్ల వెట్టినంక ఆగుమంటె ఆగుతయా?” అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. గుడ్లు పెట్టి నేటికి పదమూడు రోజులు. కనుక ఆ వంద పిల్లలను వేరే అర్జీదారులకు ఇచ్చి, మా వందకు ఈ నెల 21న గుడ్లు పెట్టిస్తే మార్చి 14కు సరిగ్గా ఇరవై ఒక్క రోజులు. ఉగాది ముందే పిల్లలు ఇంట్లో ఉంటాయి, ఎండలు ముదిరేసరికి ఈకలు వస్తాయి, బోనాలకు పుంజులు అందుతాయి. తడి గోనెలు రేకుల మీద నేనే కప్పుతాను. ఈ లెక్క ఆండాలు గారికి రెండుసార్లు చూపించి సరిచూసుకున్నాను.

7. కాబట్టి తేదీ మార్చవలసిందిగా కోరుచున్నాను. ఈలోగా కృష్ణమ్మ స్లిప్పు పట్టుకుని వచ్చినా, బతిమాలినా, నన్ను తిట్టినా పిల్లలను ఇవ్వవద్దు. ‘ఈ విడత గుడ్లు పొదగలేదు’ అని ఆమెతో చెప్పవలెను. తమవంటి అధికారిని అబద్ధం చెప్పమని కోరడం తప్పని తెలుసు. నలభై మూడేళ్లలో ఆమెకు నేను చెప్పిన అబద్ధం ఒక్కటీ నిలబడలేదు, అందుకే ఆ పని తమకు అప్పగిస్తున్నాను.

ఆ కన్ను కూడా పోతే ఏం చేయాలో నాకు తెలియదు. ఈ ముసలివాడి తొందరను మన్నించి, దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దుర్గయ్య

తాజా కలం: అయ్యా, నేను ఈ అర్జీని సాపు రాసిన ఆండాలును. దుర్గయ్య గారు తన రాత ఎవరికీ అర్థం కాదని నాకిచ్చి పిండిగిర్నీకి వెళ్లారు. పిల్లలకు చెప్పే అలవాటు కొద్దీ పైకి చదువుతూ రాశాను. గడపలో కూర్చున్న కృష్ణమ్మ అత్త మొత్తం విన్నది. తన మాట కూడా రాయమని పట్టుబట్టింది. చెప్పింది చెప్పినట్టు రాసి, కవరు అంటించి ఆయనకిస్తాను.

“సారూ, దండాలు. అధికమాసం సంగతి కొత్త క్యాలెండర్ ఇంట్లకు వచ్చిననాడే నాకెరుక. బోనం ఎత్తేదానికి బోనాలు ఎప్పుడో తెల్వదా? ఆయన జూలై అని లెక్క గట్టుకుంట కూసుంటే నేనే ఊకున్న. పిల్లలు జల్ది వస్తే ఆపరేషన్ ఇంకింత ఎనుకకు వోతది అనుకున్న. తప్పు ఆయనది గాదు, ఆయన మీద రాసుకోకుండ్రి.

ఉన్నది ఒక్క కన్ను సారూ. దాని మీద కత్తి వెడ్తరంటే నాకు మస్తు భయమైతుంది. ఏమన్న అయితే మొత్తం చీకటే గద. గీ మాట ఎవ్వలకు చెప్పలే. మీరు నన్ను ఎన్నడు చూడలే, గందుకే మీకు చెప్తున్న.

తారీకు మార్చుండ్రి. పదిహేడుకు నేను దవఖానకు పోత. మీరు అబద్ధం చెప్పే పని లేదు, నేను మీ కాడికి రాను.

ఒక్కటే అడుగుత. మీరు గిది సదివేటప్పుడు ఆయన మీ ముందర్నే నిలవడి ఉంటడు. ఏం అనకుండ్రి. తారీకు మార్చినం, పో అని తోలుండ్రి. ఆపరేషన్ నాడు లోపటికి తీస్కపోయేదాంక నా చెయ్యి వట్టుకునేది ఆయన ఒక్కడే. నేను భయపడ్తున్ననని తెలిస్తే ఆయన చెయ్యి వణుకుతది.”